వదిన గొంతు

ఫోన్ ఇంకా మోగలేదు. మోగినా బాధే, మోగకపోయినా బాధే అనుకుంటూ ఆమె సామాన్ల గదిలో ప్లాస్టర్ సంచి మీద పాత దుప్పటి మడతపెట్టి పరుచుకుని కూర్చుంది. ఇక్కడ ఒక కుర్చీ ఉండేది, దాని కాలు విరిగినప్పటి నుంచి యజమాని రేపు బాగుచేయిస్తానంటాడు, ఆయన రేపు ఎప్పుడూ రేపటికే ఉంటుంది, పోనీలే, సంచి కూడా కూర్చోగా కూర్చోగా కుర్చీ అంత అయింది. గోడకు వీపు ఆనించగానే నడుము దగ్గర నుంచి మెడ దాకా ఎక్కడెక్కడ ఏమేం ఉన్నాయో అన్నీ పేరు పేరునా పలికాయి. పొద్దుటి నుంచి వంచిన తల ఎత్తలేదు మరి. మైనం గట్టులో ఒక్కో పన్ను నిలబెట్టడం, వేడి కత్తితో చుట్టూ మైనం కరిగించి సర్దడం, పై దవడను కింది దవడ మీద మూసి చూడడం, కుదరకపోతే మళ్ళీ పీకడం. కట్టుడు పళ్ళు చేసే చోట ఇన్నేళ్ళు పనిచేశాక దారిన పోయే మనిషి మొహం చూడడం మానేసింది, నోరు చూస్తుంది, ఈయనకు పై వరస కాస్త ముందుకుంది, ఈవిడకు ఎడమ పక్క దవడ పన్ను లేదు అందుకే అలా వంకరగా నవ్వుతోంది, ఇదొక రోగం. అరల్లో వరసగా తెల్లటి ప్లాస్టర్ దవడలు, మనుషులు లేని నోళ్ళు, ఒక్కటీ మాట్లాడదు, ఈ గదిలో ఉన్న సుఖం అదొక్కటే. క్యారేజీ మూత తీయకుండా పక్కన అరలో పెట్టింది. అందరికీ ఇది భోజనాల గంట, ఆమెకు మాత్రం ఫోన్ గంట. బాబాయి ఉండే దేశంలో ఇప్పుడే తెల్లవారుతుంది, ఆయన లేచి కూర్చుంటాడు, ఆయన నాలుగు చెంచాలు తినాలంటే సముద్రాల ఇవతల నుంచి ఆమె కసరాలి. ఆదివారం లేదు, సెలవు లేదు, ఒంట్లో బాగాలేదన్న మాట లేదు.

నిన్న సాయంత్రం చెల్లెలి దగ్గర నుంచి మెసేజి వచ్చింది. చెల్లెలంటే బాబాయి కూతురు, ఆ దేశంలోనే పుట్టి పెరిగింది, తనకు తెలుగు రాదు, ఆమెకు ఆ భాష రాదు, ఇద్దరి మధ్యా ఫోన్‌లో ఒక యంత్రం కూర్చుని ఇటు మాట అటూ అటు మాట ఇటూ తిప్పుతుంది, తిప్పుతుందనడమే గాని అది తిప్పిన మాటకు తలా ఉండదు తోకా ఉండదు. ఒకసారి 'గౌరవనీయ సోదరీ, తండ్రి నేడు ద్రవము పట్ల అయిష్టము' అని వచ్చింది, ఆయన నీళ్ళు తాగనంటున్నాడని తెలుసుకునేసరికి ఒక పూట పట్టింది. నిన్నటిది మాత్రం సూటిగానే ఉంది. 'రేపు మీ భాష కలిగిన బాలిక మా గృహమునకు వచ్చును. ఇకపై మనము నిజముగా మాట్లాడుదుము.' బస్సులో నిలబడి చదివింది, దిగాక దీపస్తంభం కింద మళ్ళీ చదివింది, ఇంటికెళ్ళి స్టవ్ ముందు ఇంకోసారి చదివింది. నిజముగా అంటే ఏమిటి, ఇన్నాళ్ళూ మాట్లాడినది నిజం కాదనా, కాదు కాదు, యంత్రం మాటకు అర్థాలు తీస్తే పిచ్చెక్కుతుంది, సరిగ్గా మాట్లాడుకుందాం అని ఉంటుంది పాపం, అంతే. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు ఎవరు తడుముకుంటారు. ఆమె రాత్రంతా భుజాలు తడుముకుంటూనే ఉంది. ఇద్దరి మధ్యా భాష లేనన్నాళ్ళూ దాచడం తేలిక, తలుపు దానంతటదే మూసి ఉంది, ఇవాళ ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల వచ్చి ఆ తలుపు తీస్తుంది, తీయగానే బాబాయి ఇన్నాళ్ళుగా అంటున్నవన్నీ ఆ కూతురి చేతిలో పడతాయి, ఒక్కటీ కింద పడకుండా.

మొదలైన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది, ఏది ముందొస్తుందన్నది ఆ పూట ఓపికను బట్టి ఉంటుంది. బాబాయి వయసులో ఉండగా వెళ్ళాడు, అక్కడి పిల్లను చేసుకుని అక్కడి మనిషైపోయాడు, ఎవరైనా పోయినప్పుడు ఫోన్ చేసేవాడు, నాన్న పోయినప్పుడు ఒకసారి, అమ్మ పోయినప్పుడు ఒకసారి, అమ్మ పోయినప్పుడైతే ఒక్క మాట లేకుండా అంతసేపూ ఏడ్చి పెట్టేశాడు. తర్వాత మళ్ళీ అయిపూ అజా లేదు. ఆ మధ్య ఆయన మెదడుకు జబ్బు చేసింది, ముందు నిన్న మొన్నటివి పోయాయట, తర్వాత భార్య పోయిన సంగతి పోయింది, ఆ తర్వాత ఆ దేశపు భాష కొంచెం కొంచెంగా జారిపోయి చివరికి మొత్తం ఊడ్చిపెట్టుకుపోయింది, అడుగున మిగిలింది తెలుగొక్కటే. ఆ ఇంట్లో తెలుగు ఎవరికొచ్చు, గోడలకా. ఆ పిల్ల తండ్రి ఫోన్‌లో ఈ దేశపు అంకెలతో మొదలయ్యే నంబరు ఒక్కటే కనిపిస్తే అదే నొక్కింది. ఇవన్నీ యంత్రం ముక్కలు ముక్కలుగా చెబితే అతుకులు వేసుకుని తర్వాత తెలుసుకున్నవి. ఆ రోజు మాత్రం ఫోన్ ఎత్తగానే తెర నిండా ఒక ముసలాయన మొహం, గడ్డం మాసిపోయి, బుగ్గలు లోపలికి పోయి. ఆయన ఆమెను చూశాడు, చూసి చూసి, "వదినా," అన్నాడు, "ఆకలేస్తోంది, ఎవరూ పెట్టట్లేదు." అమ్మ పోలికని చుట్టాలందరూ అనేవారు, అమ్మ వయసు వచ్చేసరికి ఆ పోలిక ముదిరి ఆమె అచ్చం అమ్మే అయి కూర్చుంది, పొద్దున్నే అద్దంలో తనను తాను చూసుకుని ఒక్కోసారి తానే ఉలిక్కిపడుతుంది. నేను వదినను కాదు బాబాయ్, మీ అన్న కూతుర్ని, వదిన పోయి చాలాకాలమైంది, అనాలి. అనబోయింది కూడా. ఆయన వెనకాల జుట్టు దువ్వుకోని ఒక ఆడమనిషి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది, నిద్ర లేని కళ్ళు, ఆ కళ్ళలో ఇక నావల్ల కాదన్న మాట ఏ భాషా అక్కర్లేకుండా కనిపించింది. "ఎదురుగా గిన్నె పెట్టుకుని ఆకలంటే ఎవరేం చేస్తారు, ముందు నోరు తెరువు," అంది ఆమె, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గొంతు. ఆయన తెరిచాడు. ఇక అంతే, ఆ రోజు నుంచి ఇరుక్కుపోయింది.

బాబాయిని ఒరేయ్ అనడం మాత్రం ఒక పట్టాన నోటికి రాలేదు. చిన్నప్పుడు ఆయన ముందు కాలు మీద కాలు వేసుకుంటేనే ఇంట్లో వీపు పగిలేది, అలాంటిది ఇప్పుడు ఆ తల నెరిసిన మనిషిని పట్టుకుని ఒరేయ్ చిన్నోడా అనాలి, అమ్మ అలాగే పిలిచేది గనక. బాబాయ్ అంటే ఆ పిలిచింది ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తాడు. మొదట్లో ఒరేయ్ అన్న ప్రతిసారీ మనసులో లెంపలేసుకునేది, ఇప్పుడు ఆ లెంపలేసుకోవడం కూడా మానేసింది, ఏది అలవాటైతే అదే మర్యాద. అమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఆయన తల్లి లేని పిల్లాడట, అన్నం దగ్గర అలిగేవాడట, ఆ అలకలు మీసాలు వచ్చాక కూడా పోలేదు, అది మాత్రం ఆమెకు తెలుసు, కళ్ళారా చూసింది. అంత మగాడు కంచం ముందు మొహం తిప్పుకుని కూర్చుంటే అమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుని కసురుతూ కసురుతూ తినిపించేది, ఆ కసురు ఎంత మెత్తగా ఉండేదంటే పక్కగదిలో లెక్కలు చేసుకుంటున్న పిల్లకు కూడా ఆకలి వేసేది. పిల్ల వెళ్ళి తలుపు పట్టుకుని నిలబడేది. నువ్వేంటే, పెట్టుకు తిను, చేతులు లేవా, అనేది అమ్మ. వాడు తల్లి లేనివాడు, నీకు నేనున్నానుగా, అనేది. ఉన్నట్టు ఎప్పుడూ అనిపించేది కాదు. పెద్దయ్యాక కూడా అనిపించలేదు, అమ్మ మంచాన పడ్డాక ఆమే చెంచాతో జావ పట్టేది, ఇదే చేత్తో, మైనం కాలిన మచ్చలున్న ఇదే చేత్తో, ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ చెంచాకు చెయ్యి అడ్డం పెట్టి, చిన్నోడు తిన్నాడా అంది. తిన్నాడమ్మా అంది ఆమె. అప్పుడు గుటక వేసింది. అమ్మ ఎవరికి ఏది ఇచ్చిందో లెక్కలు తీస్తే ఇప్పుడు ఎవరు తీరుస్తారు గనక, ఆ పద్దు అలా ఉండిపోయింది, ఇప్పుడేమో అమ్మ తనకు ఇవ్వని గొంతును తానే అమ్మై ఆయనకు రోజూ మధ్యాహ్నం వడ్డిస్తోంది.

తలుపు కొంచెం తెరుచుకుంది. రేడియో తల లోపలికి పెట్టింది. పళ్ళసెట్లు అరగదీసే మిషను దగ్గర పనిచేసే ఆవిడ, మిషను మోతకు మించి మాట్లాడుతుంది కాబట్టి ఆ పేరు పడింది, ఎవరు పెట్టారో గాని సరిగ్గా పెట్టారు.

"ఇంకా రాలేదా ఫారిన్ ఫోను?"

"రాలేదు."

"రాకపోతే తినేసెయ్ మరి. రోజూ కడుపు మాడ్చుకుని మాడ్చుకుని తింటున్నావు. అసలు వాళ్ళకి నువ్వేమవుతావు, నీకు వాళ్ళేమవుతారు, కన్నపిల్లలు కూడా ఇంత చెయ్యరు."

"ఇంకాసేపు చూస్తా."

"పొద్దున నువ్వు చేసిన సెట్టు వాపసు వచ్చింది, చెప్పారా నీకు? ఆవిడ పెట్టుకుని నవ్వితే ఎవరో నవ్వినట్టుందట. ఇది నా నవ్వు కాదు అని ఒకటే గొడవట."

"పాత ఫోటో ఇస్తే చూసి పెడతాను. ఫోటో లేకుండా పెట్టమంటే నాకు తెలిసిన నవ్వేదో అదే పెడతాను."

"ఆ మాట నువ్వే చెప్పుకో యజమానికి," అని రేడియో తలుపు వేసుకుని వెళ్ళిపోయింది, ఆవిడ మాటలు మాత్రం కారిడార్ చివర దాకా వినిపించాయి.

నాకు తెలిసిన నవ్వేదో అదే పెడతాను. పెట్టింది కదా, అక్కడే కదా వచ్చింది ఈ చిక్కంతా. మొదటి వారంలోనే, ఆయన నాలుగు చెంచాలు తిని, మూతి తుడవబోయిన కూతురి చెయ్యి విదిలించి కొట్టి, ఫోన్ దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు, "వదినా, ఈ మనిషెవరు? పొద్దున లేస్తే నా మొహంలో మొహం పెట్టి చూస్తుంది. నా బట్టలు మారుస్తుంది. మంచిదాన్లా లేదు, నాకు భయమేస్తోంది, పంపించెయ్." అని కూతురి వైపు చూడను కూడా చూడలేదు. ఆ పిల్లేమో ఆయన అంత గుట్టుగా, అంత ఆపేక్షగా ఏదో చెప్పుకుంటున్నాడని చూసి, ఫోన్ దగ్గరకు తీసుకుని కనుబొమలు ఎత్తింది. ఏమంటున్నాడు నాన్న, అని. దానికీ భాష అక్కర్లేదు. యంత్రంలో తెలుగు కొడితే అది తిప్పేస్తుంది, ఎంత తప్పుగా తిప్పినా ఆ నాలుగు మాటల అర్థం మాత్రం తప్పిపోదు. ఆమె కొట్టలేదు. నవ్వింది. నవ్వి, తల ఆడించింది, నీ గురించే అన్నట్టు, మంచి మాటే అన్నట్టు. ఆ పిల్ల మొహం ఒక్కసారిగా విప్పారిపోయి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని తండ్రి నెత్తి మీద ముద్దు పెట్టుకుంది, ఆయన తల పక్కకు లాగేసుకున్నాడు, అంతలో ఫోన్ ఆగిపోయింది. ఒక్కసారి చేస్తే అబద్ధం, రోజూ చేస్తే ఉద్యోగం. మర్నాడు ఫోన్ పెట్టే ముందు చెల్లెలు మళ్ళీ కనుబొమలు ఎత్తింది, ఆమె మళ్ళీ నవ్వింది, అలా అలా అది రోజువారీ అయిపోయింది, ఆయన తిట్టిన రోజూ అంతే, దొంగది అన్న రోజూ అంతే, నన్ను ఇంటికి తీసుకుపో వదినా ఇక్కడ నాకెవరూ లేరు అని వెక్కి వెక్కి ఏడ్చిన రోజూ అంతే. ఆ రోజు మాత్రం నవ్వడానికి దవడ నొప్పెట్టింది.

పైగా ఇంకొకటుంది, అది తనకు తానే చెప్పుకోవడానికి సిగ్గు. ఆయన కూతుర్ని ఎవరని అడిగినప్పుడల్లా లోపల ఎక్కడో ఒక మూల చిన్న సంతోషం కదులుతుంది. నన్ను గుర్తుపట్టాడు, దాన్ని పట్టలేదు. ఏం గుర్తుపట్టాడు నిన్ను, నీ మొహం, నిన్నెక్కడ గుర్తుపట్టాడు, అమ్మను పట్టాడు. తెలుసు, తెలిసినా కదులుతుంది. రోజంతా మాట్లాడని నోళ్ళ మధ్య కూర్చునే మనిషి కోసం ఒకళ్ళు ఎదురుచూస్తున్నారంటే, అది వేరే పేరుతోనైనా సరే, మనిషి ఆశ అలాంటిది. విసుగూ ఉంది, ఆశా ఉంది, రెండూ ఒకే క్యారేజీలో సర్దుకుని రోజూ తెచ్చుకుంటోంది.

ఫోన్ ఎత్తకపోతే. ఎత్తకపోతే ఏమవుతుంది, ఆకాశం ఊడిపడదు, పనిలో ఉన్నానని యంత్రంతో చెప్పించవచ్చు, అది ఎలాగూ 'నేను కర్మాగారమున మునిగితిని' అనో ఏదో అంటుంది. ఇవాళ తప్పించుకుంటే రేపు, రేపు తప్పించుకుంటే ఎల్లుండి, ఆ వచ్చే బాలిక పోదుగా, భాష ఒకసారి ఇంట్లో అడుగుపెట్టాక పోతుందా. అంతలో బాబాయి తినడు. ఒక రోజు ఇక్కడ కరెంటు పోయి ఫోన్ కలవకపోతే ఆ రోజంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట, మర్నాడు చెల్లెలు ఆయన మణికట్టు పట్టుకుని తెర ముందు చూపించింది, వాచీ మోచేతి దాకా జారిపోతోంది. ఎత్తాలి. ఎత్తి, ఆ బాలికకు ముందే ఒక మాట వేస్తే, అమ్మాయ్, ఆయన ఏమన్నా నువ్వు మంచిగానే చెప్పు తల్లీ అని. కానీ చెల్లెలు పక్కనే ఉంటుంది, నేనేం చెప్పానో ఆ పిల్లనే అడుగుతుంది. ఇన్నాళ్ళూ నాన్న నన్ను ప్రేమగా తలుచుకుంటున్నాడన్న ఒక్క మాట మీద ఆ మనిషి పక్కబట్టలు మారుస్తోంది, రాత్రుళ్ళు లేచి కూర్చుంటోంది, కొట్టినా పడుతోంది. ఆ మాట కింద నుంచి లాగేస్తే ఏమవుతుంది. ఏ వృద్ధాశ్రమంలోనో చేర్చేస్తే, చేర్చినా తప్పు పట్టేది ఎవరు, అక్కడ ఆయనకు వదినా లేదు, ఫోనూ లేదు, ఎవరితోనూ ఒక్క మాట లేకుండా గోడ వైపు తిరిగి పడుకుంటాడు. కిటికీ బయట బస్సు ఆగింది, ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు, అయినా తలుపులు తెరిచి మూసుకుని వెళ్ళింది. ఇదంతా నాకెందుకొచ్చింది, అనుకుంది ఆమె, రేడియో అన్నది నిజమే, నేనేమవుతాను వాళ్ళకి. ఫోన్ మోగింది.

తెర మీద ఇద్దరున్నారు. చెల్లెలు ఇవాళ తల దువ్వుకుంది. పక్కన మందపాటి స్వెట్టర్‌లో ఒక చిన్నపిల్ల, చిన్నదంటే ఇరవై దాటి ఉంటాయి, పళ్ళ వరస బాగుంది. వాళ్ళ వెనక కిటికీ దగ్గర కుర్చీలో బాబాయి అటు తిరిగి కూర్చున్నాడు.

"నమస్తే ఆంటీ. నేనిక్కడ నర్సింగ్ చదువుతున్నా. వీళ్ళ పక్కింటివాళ్ళకి తెలిసి నన్ను రమ్మన్నారు." తెలుగు చెవిలో పడి బాబాయి కొంచెం కదిలాడు. "ముందు ఆవిడ మాట్లాడతారట. అంతా అయ్యాక మీరు చెప్పాలట."

చెల్లెలు మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది, ఎటూ చూడకుండా, చేతిలోని చెంచా తిప్పుకుంటూ. ఆ భాష ఇన్నాళ్ళూ వింటున్నదే, ఏ మాట ఎక్కడ ఆగుతుందో తెలియదు గాని ఏ మాట దగ్గర గొంతు పట్టుకుందో తెలిసింది. ఆ అమ్మాయి వింటూ వింటూ తల దించుకుంది.

"ఆంటీ, వాళ్ళ నాన్న తనని గుర్తుపట్టట్లేదని ఆవిడకి తెలుసట. మొదటి రోజు నుంచీ తెలుసట. ఆయన చెయ్యి విదిలిస్తుంటే, ఆయన కళ్ళు చూస్తుంటే తెలీదా అంటున్నారు. ఆయనేదో చెడ్డగా అంటున్నారనీ తెలుసట. మీరు నవ్వేవారట కదా. అది తన కోసం నవ్వుతున్నారనీ తెలుసట. తెలిసే రోజూ అడిగేవారట. రోజు మొత్తంలో తన మొహం చూసి నవ్వే మనిషి మీరొక్కరేనట." ఆ అమ్మాయి ఆగి ముక్కు తుడుచుకుంది. "నేను సరిగ్గా చెప్పలేకపోతున్నానేమో ఆంటీ, ఆవిడ ఇంకా బాగా చెప్పారు."

ఆమెకు దొరికిపోయిన సిగ్గు ముందు వచ్చింది, దాని వెనకే ఒళ్ళంతా వదులైంది, ఇన్నాళ్ళ బరువు ఇంత సుళువుగా దిగిపోతుందా, ఇన్నాళ్ళూ ఎవరిని కాపాడాననుకున్నాను నేను.

"ఇంకొకటి అడుగుతున్నారు. మీరు కసిరితేనే ఆయన తింటారు కదా, ఆ కసరడం తనకి నేర్పమంటున్నారు. అర్థం అక్కర్లేదట, ఎలా చెబితే అలాగే పలుకుతారట. కూతుర్నని తెలియకపోయినా పర్లేదు, తింటే చాలట. మీరు తన వల్ల రోజూ భోజనం మానేస్తున్నారట, మీ పక్కన అరలో డబ్బా కనబడుతోందట, ఎప్పుడూ మూతే తియ్యరట."

అప్పుడు కోపం వచ్చింది. ఎందుకో తెలియదు, భగ్గుమని వచ్చింది. అమ్మ నగలు లేవు, చీరలు లేవు, ఆ గొంతొక్కటే దొరికింది, అదీ ఈ మధ్యే దొరికింది, అదీ ఇచ్చెయ్యమంటోంది. ఇవ్వను అంటే. తెర మీద చెల్లెలు కాగితం లేకుండా, పెన్ను లేకుండా, చెంచా ఒళ్ళో పెట్టుకుని బడిపిల్లలా చేతులు కట్టుకుని కూర్చుంది. నన్ను నాన్న గుర్తుపట్టకపోయినా పర్లేదు అనే మాట ఆ నోటి నుంచి రావడానికి ఎన్ని రాత్రుళ్ళు పట్టి ఉంటుందో. కోపం వచ్చినంత తొందరగానూ పోయింది, దానికి కూడా ఓపిక ఉండాలి కదా.

"సరే, అనమను," అంది ఆమె. "ఒరేయ్ చిన్నోడా, నోరు తెరుస్తావా, నన్ను లెమ్మంటావా."

ఆ అమ్మాయి బిత్తరపోయింది. "ఒరేయ్ అనాలా ఆంటీ? కన్నతండ్రిని?"

"అనకపోతే తినడమ్మా."

చెల్లెలు అంది. మాటలన్నీ వచ్చాయి, ఒక్కటీ తన చోట నిలబడలేదు. మళ్ళీ అంది. "గట్టిగా వద్దని చెప్పు," అంది ఆమె. "తిట్టు కాదది. లేచిపోతానని బెదిరించాలి, కానీ లేవకూడదు, లేవదని వాడికి తెలియాలి. ముందు ఎదురుగా కూర్చోమను, నిలబడి అనకూడదు. చివర్న లాగాలి, లెమ్మంటావా అని, కొంచెం నవ్వు దాచుకున్నట్టు." చెబుతూ చెబుతూ ఉండగా ఆమెకు అమ్మ కనిపించింది, పీట మీద, మోకాళ్ళ నొప్పితో, పనంతా అయ్యాక కూడా లేవకుండా కూర్చున్న అమ్మ, ఎంత అలిసిపోయి ఉండేదో. ఆ గొంతు ఊరికే రాలేదన్నమాట. చెల్లెలు ఫోన్‌ను దగ్గరకు తీసుకుంది, తండ్రి అటు తిరిగి ఉన్నాడు కాబట్టి ఆమె కళ్ళలోకే చూస్తూ, మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుంటూ అంది, "ఒరేయ్ చిన్నోడా, నోరు తెరుస్తావా, నన్ను లెమ్మంటావా." యాస వంకరగా ఉంది, గొంతు మాత్రం కుదిరింది. ఆమె పుట్టి ఇన్నేళ్ళయింది, ఆ మాట ఆ గొంతుతో తన వైపు తిరిగి ఎవరూ అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఇక వెళ్ళమను," అంది.

ఫోన్‌ను కిటికీ అంచు మీద నిలబెట్టారు. చెల్లెలు చిన్న బల్ల లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది, గిన్నె ఒళ్ళో పెట్టుకుంది, ఊపిరి తీసుకుని అంది. బాబాయి తల తిప్పలేదు. మళ్ళీ అంది, ఈసారి చివర్న లాగింది. ఆయన తిరిగాడు. ఆ మొహం వైపు చూశాడు, చాలాసేపు, కొడతాడేమో, పొమ్మంటాడేమో. "ఇంతసేపు చేశావేంటి వదినా," అన్నాడు, అని నోరు తెరిచాడు. చెల్లెలు పెట్టిన చెంచాలోది సగం ఆయన ఒళ్ళో పడింది, మిగతా సగం నోట్లోకి వెళ్ళింది. ఏమన్నాడని ఈసారి అడగలేదు. ఇంకో చెంచా పెట్టింది, ఇంకోటి పెట్టింది, మూతి తుడిచింది, తుడవనిచ్చాడు.

నమలడం ఆపి బాబాయి కిటికీ వైపు చూశాడు. "ఆ ఫోన్‌లో ఆవిడెవరు? ఇందాకటి నుంచి మనల్నే చూస్తోంది."

చెల్లెలు ఆ అమ్మాయి వైపు చూసింది. ఆ అమ్మాయి ఫోన్ వైపు చూసింది. "ఆంటీ," అంది.

ఇందాకటి దాకా ఈవిడెవరు అనిపించుకునే చోటు చెల్లెలిది, ఇప్పుడు తనది. నవ్వితే నవ్వు వచ్చేదే, ఏమీ లేదు బాగుందంటున్నాడని చెప్పు అంటే ఆ పిల్ల చెప్పేదే.

"చెప్పమ్మా," అంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఆ అమ్మాయి చెప్పింది. చెల్లెలు చెంచా గిన్నెలో పెట్టేసి ఫోన్ వైపు తిరిగింది, ఏదో అడిగింది, చిన్న మాటే.

"మీరు తనకి ఏమవుతారో తెలుగులో ఏమంటారని అడుగుతున్నారు ఆంటీ," అని ఆ అమ్మాయే చెల్లెలి చెవి దగ్గర వంగి ఒక మాట చెప్పింది. చెల్లెలు దాన్ని ఒకసారి పెదాల మధ్య అని చూసుకుంది. తర్వాత బాబాయి భుజం తట్టి, ఫోన్ వైపు వేలు చూపించి, స్పష్టంగా అంది.

"అక్క."

"అక్కా?" అన్నాడు బాబాయి, కనుబొమలు ముడిచి. "మనకి అక్కెవరు వదినా," అని గొణుగుతూనే ఇంకో చెంచాకు నోరు తెరిచాడు.